లిఫ్టుకి పదో వార్షికోత్సవం

ఏ ఘనకార్యమూ జరగని తేదీ క్యాలెండర్‌లో ఉండరాదని మా పత్రిక శాసనం. అందుకే 'ఈ రోజు ఘనత' శీర్షికలో రోజూ మూడు గళ్లు: విజ్ఞానం, ఇంజినీరింగ్, సంస్కృతి. నింపేవాణ్ణి నేను. ఏదైనా జరిగితే, ఆ పూటే వచ్చే ఏటి గడి నింపిపెట్టెయ్యడం నా అలవాటు.

పదకొండేళ్ల కిందట ఒక తేదీకి ఇంజినీరింగ్ గడి ఎంత వెతికినా నిండలేదు. పేజీ అచ్చుకి వెళ్లిపోతోంది. "ఈ రోజే ఒక ఆరంతస్తుల భవనంలో లిఫ్టు తొలిసారి పైకి లేచింది" అని రాసి పారేశాను. భవనం మా ఆఫీసుది. తేదీ నా బుర్రది. అలా లిఫ్టుకి నేను లిఫ్టిచ్చాను.

మా దగ్గర అచ్చయిందే ఆధారం. మరుసటి ఏడు నా వాక్యాన్నే ఆధారంగా చూపి నేనే మళ్లీ రాశాను. అయిదో ఏడు లిఫ్టుకి రిబ్బను కట్టారు. ఎనిమిదో ఏడు చారిత్రక వస్తువుల జాబితాలో చేర్చారు. పదో వార్షికోత్సవం నాడు నలుగురు పట్టే ఆ లిఫ్టులోకి తొమ్మండుగురం, కేకుతో సహా, ఎక్కాం. మూడో అంతస్తు దాటి ఆగిపోయింది. (ఎలా దిగామన్నది చరిత్రకి అనవసరం.)

నా సీటు ఆరో అంతస్తులో. నా మోకాళ్లు మొదటి అంతస్తువి.

ఆ మధ్యాహ్నమే మెకానిక్ వచ్చి చూశాడు. "చక్రం మీంచి రోప్ తప్పింది గురువుగారూ. అరగంట పని."

పైఅధికారి (ఇప్పుడు కిందే కూర్చుంటున్నారు) చెయ్యి అడ్డం పెట్టారు. "చారిత్రక వస్తువయ్యా! స్పానరు తగలకూడదు."

"సార్, ఆ తేదీ నేను కల్పించింది!" పదేళ్ల పరువు రెండు మోకాళ్ల కోసం వదిలేసుకున్నాను.

"అయితే సవరణ అచ్చవ్వాలి. ఏ గడిలో తప్పు ఆ గడిలోనే, ఏ తేదీ తప్పు ఆ తేదీనే. ఈ నిబంధన రాసిందెవరు?"

"నేనే సార్."

"మరింకేం? వచ్చే ఏడు ఇదే రోజు."

మెకానిక్ పెట్టె సర్దుకుంటూ నావైపు జాలిగా చూశాడు. "మీరు రాయకపోయుంటే ఈపాటికి పైనుండేవారు కదండీ!" నా రచనల మీద ఇంత సూటి విమర్శ ఎన్నడూ రాలేదు.

ఏడాది పాటు రోజుకి నూట ఇరవై మెట్లు ఎక్కాను. మెట్టవేదాంతం అందరూ చెబుతారు; మెట్ల వేదాంతం నాకొక్కడికే పట్టుబడింది.

ఆ తేదీ కోసం సవరణ పట్టుకుని, ఇదే ఆఖరి ఎక్కుడని ఆయాసపడుతూ వెళ్లాను. పేజీలు చూసే అమ్మాయి తల అడ్డంగా ఊపింది.

"ఇంజినీరింగ్ గడి ఖాళీ లేదు బాబాయ్. 'చారిత్రక లిఫ్టు ఆగి నేటికి ఏడాది' అని నిరుడు లిఫ్టు ఆగిన పూటే నింపేశారు. నిండిన గడి కొట్టెయ్యకూడదు కదా."

"ఏ తెలివితక్కువ వెధవమ్మా నింపింది?"

కాగితం నావైపు తిప్పింది. దస్తూరీ నాదే.