ఏత్వం ఎగిరిపోయిన బోర్డు

ఒక పెద్ద అడవిలో ఓ కబడ్డీ జట్టుండేది. జట్టుకంటే దాని కమిటీ పెద్దది.

ఆ అడవిలోనే చెంగమ్మ అనే లేడి ఉండేది. కూత పెట్టిందంటే ఊపిరి తెగేది కాదు, పట్టుకుందామంటే కాలు దొరికేది కాదు. పొరుగడవి ముంగిసలతో పోటీ అని తెలిసి, ఒక్కసారి బరిలో దిగితే చాలనుకుని కార్యదర్శి నక్క నాగభూషణం దగ్గరికెళ్ళింది.

నక్క నియమావళి తెరిచింది. "చూడమ్మా, ఇక్కడ 'ఆటగాడు' అనుంది. గాడు అంటే మగాడు. నాదేం లేదు, రాసింది రాసినట్టు నడవాలి."

"మొన్న పులిని తప్పించుకొస్తే మీరే నన్ను మొనగాడన్నారు గదండీ?"

"అది పొగడ్త. ఇది నియమం."

నిజానికి జట్టులో ఉన్న ఒక్క ఖాళీనీ నక్క తన బావమరిదికి అట్టిపెట్టింది.

సంగతి కమిటీకెక్కింది. అధ్యక్షుడు ఎలుగుబంటికి విసుగొచ్చింది. "ఆ మాటేదో మార్చెయ్యవయ్యా!"

"ఆటగత్తె అందామా?" అంది నక్క మీసాల్లో నవ్వుతూ.

"ఛీ, అది వేరే ఆట," అంది అడవిదున్న.

"ఆడేవాళ్ళు అనండి," అంది చెంగమ్మ. "ఆడామగా అందరూ అందులోనే ఉంటారు."

నక్క ఇట్టే ఒప్పుకుంది. చెంగమ్మకి సంతోషంతో కళ్ళు చెమర్చాయి. మర్నాడు కొత్త నియమం వచ్చింది: 'ఆడేవాళ్ళు తప్ప ఎవరూ బరిలోకి రాకూడదు.'

"అయితే నేను రావొచ్చుగా?"

"నువ్వింతవరకూ జట్టులో ఆడలేదు కదమ్మా. ఆడనిదానివి ఆడేవాళ్ళలోకి ఎలా వస్తావు?"

చెంగమ్మకి ఒళ్ళు మండింది. కానీ కమిటీ అప్పటికే చప్పట్లు కొట్టేసింది.

బోర్డు రాసే పని కోతికిచ్చారు. అది గుణింతాల దగ్గరే బడి మానేసిన రకం. పోటీనాడు బరి పక్కన పాతిన బోర్డు మీద బారెడు అక్షరాలతో ఇలా ఉంది: 'ఆడవాళ్ళు తప్ప ఎవరూ బరిలోకి రాకూడదు.'

రిఫరీగా వచ్చిన కొంగ అది చదివి ఈలేసింది. "మగవాళ్ళంతా బయటికి!"

"అయ్యయ్యో, ఏత్వం ఎగిరిపోయిందండీ!" అని నక్క లబలబలాడింది.

"మీ బోర్డే కదయ్యా. రాసింది రాసినట్టు నడవాలి," అంది కొంగ.

ముంగిసల్లో ఆడామగా కలిసే ఆడతాయి. మగవి బయటికి నడిచినా ముగ్గురు అక్కచెల్లెళ్ళు బరిలో మిగిలారు. ఇవతల జట్టంతా మగవాళ్ళే కావడంతో బరి ఖాళీ అయింది; ఆట చూడ్డానికొచ్చిన చెంగమ్మ ఒక్కతే దిగింది. కూత పెట్టి గీత దాటింది. ఒక్క కూతలో ముగ్గురినీ తాకి వెనక్కొచ్చి పడింది. అడవంతా ఈలలే.

సన్మాన సభలో మైకు నక్కే అందుకుంది. "అసలు ఆటగాడు అంటే మగాడని ఎవరన్నారండీ? ఆట వచ్చిన ఎవరైనా ఆటగాడే. నేను మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నా!" చెంగమ్మకని తెచ్చిన దండ కూడా ముందు తన మెడలోనే వేయించుకుంది.

నీతి: న్యాయం జరగాలంటే కమిటీలో పండితులుంటే చాలదు, గుణింతం రాని కోతి ఒకటుండాలి.