మామగారి మందిరంలో యుద్ధవిమానం

"ఈసారి బోన్ పండక్కి పెద్దల మందిరం నేనే శుభ్రం చేస్తాను," అన్నాడు మసుజో, మిసో పులుసు గిన్నెలోకి చూస్తూ.

ఇకుయో తినడం ఆపింది. బోన్ అంటే పోయిన పెద్దలు ఇంటికి వచ్చే రోజులు. పెళ్లయిన ఇన్నేళ్లలో భర్త, పోయినవాళ్ల పేర్ల పలక ఉండే ఆ చెక్క మందిరం ముందు కూర్చుని గంట కొట్టడమే తప్ప, గుడ్డముక్క పట్టుకున్న పాపాన పోలేదు.

"ఒంట్లో బాగానే ఉందా?"

"ఏం, పోయిన పెద్దల మీద నాకు భక్తి ఉండకూడదా?"

"ఉండొచ్చు. ఇంత హఠాత్తుగా ఉండకూడదు."

"అగరొత్తుల గిన్నెలో బూడిద కూడా నేనే జల్లిస్తాను. ఏడాదిపాటు కాలిన పుల్లల ముక్కలుంటాయి కదా!"

"ఉంటాయి. ఏటా నేనే ఏరుతున్నాను. ఆ గిన్నెలో బూడిద ఉంటుందని మీకు తెలుసని మాత్రం ఇవాళే తెలిసింది."

మసుజో గంభీరంగా పులుసు తాగాడు. ఆయన గుండె అగరొత్తుల గిన్నెలోనే కొట్టుకుంటోంది. అందులో ఒక కొక్కెం పడిపోయింది మరి.

జపాన్‌లో బొమ్మ విమానాలకు పేరుపడ్డ షిజుఒకాలో ప్లాస్టిక్ విమానాలు అతికించడం మగవాళ్లకు నామోషీ కాదు. మొదలుపెట్టి వదిలేయడమే నామోషీ. తేయాకు కంపెనీలో రిటైరైన మసుజో అల్మారా నిండా అలాంటివే ఉన్నాయి. ఒకదానికి తోక లేదు, ఇంకోదానికి చక్రాలు లేవు. పూర్తి కావొచ్చిందనగానే ఆయనకు అందులో ఏదో తప్పు కనిపించేది. విప్పేసేవాడు. ఊళ్లోని మోడల్ క్లబ్బు ప్రదర్శనలో ఏటా ఆయన పేరుతో ఒక అట్టముక్క పెట్టేవారు: 'మొచిజుకి మసుజో – తయారవుతోంది.' అట్ట పసుపురంగుకి తిరిగింది గాని, దాని వెనక ఏనాడూ ఏమీ ఉండేది కాదు.

ఈ వెక్కిరింతలు ఆయన సహించేవాడే. సహించలేనిది మామగారి మాట ఒక్కటే. తొకుజిరో గారు పెద్దల మందిరాలు చేసే వడ్రంగి. పట్టిన పని పూర్తి చేయకుండా పక్క ఎక్కి ఎరగడు. ఆఖరి రోజుల్లో కూతురిని దగ్గరికి పిలిచి, అల్లుడు వింటుండగానే, "మీ ఆయన ఎప్పుడైనా, ఏదైనా ఒకటి పూర్తి చేస్తే నాకు చూపించు తల్లీ," అన్నాడు. నవ్వుతూ అని ఉంటే బాగుండేది. నవ్వలేదు. ఆ వారమే పోయాడు.

అందుకే మసుజో ఈసారి పట్టుబట్టి 'ఉమిత్సుబమె' మొదలుపెట్టాడు. సముద్రపు పిట్ట అనుకోవచ్చు. నేల మీంచి ఎగిరే ఒక జెట్ ఫైటర్‌ను తీసుకుని, దాన్నే నౌకాదళం కోసం మార్చి ఉంటే ఎలా ఉండేదో ఊహించి చేస్తున్న విమానం. ఓడ మీద చోటు చాలదు కనుక రెక్కలు మడత పడాలి. దిగేటప్పుడు ఓడ మీద కట్టిన తాడును పట్టుకుని ఆగాలి కనుక తోక కింద కొక్కెం ఉండాలి.

"అలాంటి విమానం ఉందా?" అని ఇకుయో అప్పుడే అడిగింది.

"లేదు. ఉండి ఉంటే ఇలా ఉండేది."

"లేనిదానికి నమూనా ఎందుకండీ? చెయ్యకుండా వదిలెయ్యండి, అచ్చం దానిలాగే ఉంటుంది."

మసుజో జిగురు సీసా మూత తీశాడు.

అసలు చిక్కు పిల్లితో వచ్చింది. కినకొ అనే ఆ పిల్లి ఇల్లంతా వెంట్రుకలు రాల్చేది, అవి తడి రంగు మీదే వచ్చి వాలేవి. ఇంట్లో దుమ్ము దూరని చోటు ఒకటే ఉంది, మామగారు చేసిన మందిరం. దాని తలుపులు మూస్తే అగరొత్తి పొగ కూడా బయటికి రాదు. ఇకుయో పొద్దున్నే తలుపులు తీసి, తండ్రి పేరు చెక్కిన నల్లటి పలక ముందు అన్నం పెట్టి, దండం పెట్టుకుని మూసేది. ఆమె బజారుకు వెళ్లగానే మసుజో రంగు వేసిన విమానాన్ని రెక్కలు మడిచి, రెండు చెక్క స్తంభాల మధ్యగా లోపలికి తోసేవాడు, సాయంత్రానికల్లా తీసేసేవాడు. మొన్న అలా తోస్తుంటే, ఇత్తడి తీగతో నానా అవస్థా పడి చేసిన కొక్కెం ఊడి బూడిదలో పడింది. ఆదివారమే ప్రదర్శన.

"సరే, జల్లించండి," అంది ఇకుయో. జల్లెడ, పాత పేపరు తెచ్చి ఇచ్చి, ఎదురుగా కూర్చుంది.

మసుజో జల్లించాడు. పుల్లలు వచ్చాయి. కొక్కెం రాలేదు. మళ్లీ జల్లించాడు. బూడిద ముక్కులోకి పోయి తుమ్మాడు. జల్లించిన బూడిదలో సగం కనుబొమల మీదికి వచ్చింది.

"ఏం వెతుకుతున్నారు?"

"పుల్లలు."

"పుల్లలు ఇందాకే ఏరి పక్కన పెట్టారు."

"మామగారి బూడిద కదా, ఊరికే వదలబుద్ధి కావడం లేదు."

"అది అగరొత్తులది. మా నాన్నది సమాధిలో ఉంది," అని ఇకుయో వంటింట్లోకి వెళ్లింది.

ఆమె అటు వెళ్లగానే మసుజో పక్కగదిలోకి పరిగెత్తాడు. తోకకు తడి రంగుతో బల్ల మీద ఉమిత్సుబమె, దాని వైపే తీరిగ్గా నడుస్తున్న కినకొ. విమానాన్ని లాక్కున్నాడు. అదే క్షణంలో వాకిట్లో స్కూటర్ ఆగింది. పండగకు ఇంటింటికీ వచ్చి మంత్రాలు చదివే గుడి స్వామి రైజెన్ గారు, చెప్పిన వేళకంటే ముందే వచ్చేశారు. మసుజోకి ఇంకో దారి తోచలేదు. విమానాన్ని మందిరంలోకి తోసి తలుపులు మూసి, వాటికి అడ్డంగా కూర్చున్నాడు.

స్వామి లోపలికి వచ్చి చెమట తుడుచుకున్నారు.

"స్వామీ, ఈసారికి తలుపులు మూసే చదవండి," అన్నాడు మసుజో. "లోపల గాలి తగలకూడదు."

"ఎవరికి?"

"మామగారికి."

"ఆయనకి జలుబు చేసే వయసు దాటిపోయిందిలెండి," అన్నారు స్వామి, నవ్వకుండా.

ఇకుయో వచ్చి భర్తను పక్కకు జరిపి తలుపులు తెరిచింది.

నల్లటి పలక ముందు, బూడిదనీలం రంగు జెట్ ఫైటర్ రెండు రెక్కలూ పైకెత్తి మడుచుకుని నిలబడి ఉంది. మసుజో తలవంచుకున్నాడు. మామగారి ముందు ఎప్పుడూ అలాగే వంచుకునేవాడు.

"దండం పెడుతున్నట్టుందే!" అన్నారు స్వామి.

"మా నాన్న అడిగిందండీ," అంది ఇకుయో నిదానంగా. "కాకపోతే ఇంకా పూర్తి కాలేదు." ఆప్రాన్ జేబులోంచి కాగితం పొట్లం తీసి విప్పింది. లోపల కొక్కెం.

మసుజో జల్లెడ వైపు చూశాడు.

"బూడిద నేను నిన్ననే జల్లించాను," అంది. "నెల్లాళ్లుగా మా నాన్నకి పెట్టిన అన్నం రంగు వాసన కొడుతోంది. నాకు ముక్కు లేదనుకున్నారా? ఊఁ, అతికించండి. స్వామివారు ఆగుతారు."

స్వామి ఆగారు. మసుజో విమానాన్ని కాస్త ముందుకు జరిపి, కొక్కెం అతికించి ఊపిరి బిగబట్టాడు. అది నిలిచింది. చేయడానికి ఇంకేమీ మిగల్లేదు. మామగారి పలక ముందు అలా కూర్చుని, ఆయన కళ్లు తుడుచుకున్నాడు. బూడిద పడిందనుకోవడానికి వీలుగా కనుబొమల మీద బూడిద ఉండనే ఉంది.

"లోపలికి జరిపి రెక్కలు విప్పి చూపించండి. మా నాన్న చెక్కపనివాడు, మడతబందులంటే ఇష్టం," అంది ఇకుయో.

ఆ మాటతో మసుజో పొంగిపోయాడు. స్తంభాల వెనక్కి జరిపి రెక్కలు విప్పాడు. టిక్కుమని బిగుసుకున్నాయి. స్వామి మంత్రాలు మొదలుపెట్టారు.

స్వామి వెళ్లాక మసుజో ప్రదర్శన కోసం విమానం తీయబోయాడు. రాలేదు. విప్పిన రెక్కలు స్తంభాల సందు కంటే వెడల్పు. మళ్లీ మడవాలంటే పొట్ట కింది గడియ తీయాలి. గడియ తీయాలంటే విమానాన్ని తిరగేయాలి. తిరగేయడానికి లోపల చోటు లేదు.

"ఇకుయో, ఇది ఇరుక్కుపోయింది."

"తెలుసు," అంటూ జేబులోంచి కుట్టుపని టేపు తీసి చూపించింది. "మీరు స్నానానికి వెళ్లినప్పుడు కొలిచాను. బయటికి రావాలంటే నాన్న చేసిన స్తంభమైనా కొయ్యాలి, మీరు చేసిన రెక్కైనా కొయ్యాలి. రంపం తెమ్మంటారా?"

మసుజో స్తంభాన్ని చూశాడు. రెక్కను చూశాడు. వద్దన్నట్టు తల ఊపాడు.

"ఎందుకే ఇంత పని చేశావు?"

"బయట ఉంటే రేపటికల్లా విప్పేస్తారు కనుక," అంది ఇకుయో. టేపు చుట్టి జేబులో వేసుకుంది. "నాన్నకి చూపిస్తానని మాటిచ్చాను. ఎన్నేళ్లు ఎదురుచూశానో మీకు తెలీదు."

మసుజో ఒక అగరొత్తి వెలిగించి బూడిదలో గుచ్చాడు.

ఆదివారం ప్రదర్శనలో, "పూర్తయింది. మా మామగారి దగ్గరుంది," అని చెబితే క్లబ్బువాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఆయన మామగారు పోయారని అందరికీ తెలుసు. సాయంత్రం పరామర్శకు వచ్చినట్టే వచ్చారు. మందిరంలో వస్తువును ఊరికే చూడకూడదు గనుక, ఒక్కొక్కరే మోకాళ్ల మీద కూర్చుని, అగరొత్తి వెలిగించి, గంట కొట్టి, దండం పెట్టుకుని, ఆ తర్వాత మెడ చాచి రెక్కలూ కొక్కెమూ చూశారు. క్లబ్బు పెద్ద నెజు గారు చాలాసేపు చూసి, పసుపురంగు అట్టముక్క జేబులోంచి తీసి, 'తయారవుతోంది' అన్నది పెన్నుతో కొట్టేసి పలక పక్కన పెట్టారు.

అందరూ వెళ్లాక మసుజో ఒక్కడే మందిరం ముందు మిగిలాడు. తృప్తిగా చూస్తుంటే, ఎడమ రెక్క మీద అంకె రవ్వంత వంకరగా కనిపించింది. చెయ్యి దానంతట అదే స్తంభాల మధ్యకు వెళ్లింది.

"ఏవండీ," అంది వెనక నుంచి ఇకుయో. "నాన్న చూస్తున్నారు."

మసుజో చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆమె వచ్చి తలుపులు మూసింది.