పరంధామయ్యగారి పనిముట్టు

“చిత్తూరు జిల్లాకంతా ఇంజనీరు ఒకడే ఉండాడు. మిగతావాళ్లంతా ఉత్త చదువుకున్నోళ్లు.”

1979లో వర్తక సంఘం వార్షికోత్సవంలో పరంధామయ్య ఈ మాట సెలవిచ్చినప్పుడు, ఆ ఒకడూ ఎవరని అడిగే అమాయకుడు సభలో లేడు. ఆయన చెరకు గానుగలు తయారుచేసే కంపెనీకి అధ్యక్షుడు. ఆ వారమే తన గది తలుపు మీద పేరుకు ముందు ‘ఇంజనీర్’ అని రాయించుకున్నాడు.

అయిదేళ్ల కిందట ఆ కంపెనీ కొన ఊపిరితో ఉండేది. గానుగలోంచి బయటికొచ్చిన పిప్పిని చేత్తో పిండితే ఇంకా రసం కారేది. కార్వేటినగరం రైతులు ఒళ్లుమండి, ఆ పిప్పిని గోనెసంచులకెత్తుకొచ్చి ఆఫీసు మెట్ల మీద కుమ్మరించి పోయారు. పరంధామయ్య తగిన చర్య వెంటనే తీసుకున్నాడు. మెట్లు కడిగించాడు.

అలాంటి రోజుల్లో వచ్చాడు ధనంజయ. మద్రాసులో ఇంజనీరింగు చదివినవాడు. తన వంతు మడి అమ్మేసి సగం భాగస్వామిగా చేరాడు. ఒక సీజనంతా బెల్లం వండే కొట్టాల్లోనే తిని, అక్కడే పడుకుని, రైతుల తిట్లన్నీ ఓపిగ్గా విన్నాడు. తిరిగొచ్చి రోలర్ల మీది గాట్లు మార్చాడు, పోత పోసే ఇనుము మార్చాడు, చివరికి గానుగ మొత్తం మార్చేశాడు. మూడేళ్లు తిరిగేసరికి పిప్పి పొడిపొడిగా రాలసాగింది. గానుగ కావాలంటే ముందుగా పేరు రాయించుకోవలసి వచ్చింది. ఇంత జరుగుతుంటే పరంధామయ్య మాత్రం ఊరికే కూర్చున్నాడా? లేదు, ఫ్యాను కింద కూర్చున్నాడు.

పాపం, ఆయనకూ ఒక బాధ ఉంది. రైతులు కౌంటరు దగ్గరికొచ్చి కంపెనీ పేరు చెప్పడం మానేశారు. “ధనంజయ గానుగ ఉండాదా?” అని అడుగుతున్నారు. ఇలాగే సాగితే నాలుగేళ్లలో తనను ‘ధనంజయ కంపెనీలో పనిచేసే పెద్దాయన’ అంటారు. ఆ ఊహకే ఆయనకు అన్నం సయించేది కాదు.

సరిగ్గా అప్పుడే ఒక పురస్కార సంఘం ప్రకటన వెలువడింది. కుంటుపడిన కర్మాగారాన్ని స్వహస్తాలతో నిలబెట్టిన ఇంజనీరుకు సన్మానమట. ‘స్వహస్తాలతో’ అన్న మాట దగ్గర పరంధామయ్య కాస్త ఆగాడు. తన చేతులు చూసుకున్నాడు. రెండూ ఉన్నాయి. దరఖాస్తు పంపేశాడు.

తనిఖీకి అధికారి వస్తాడని ఆ తర్వాత తెలిసింది. వచ్చినవాడు ఏ బోల్టో చూపించి విప్పమంటే? రెండు రోజులు ఆలోచించి, ఆయన తన జీవితంలో మొదటిసారి నిజంగా ఇంజనీరు చేయదగ్గ పని చేశాడు. తనిఖీని ఆయుధపూజ రోజుకు పెట్టించాడు. ఆ రోజు ఫ్యాక్టరీలో ప్రతి యంత్రానికీ పసుపు, కుంకుమ, పూలదండ. మర్నాటిదాకా దేన్నీ ముట్టకూడదు. నోటితో చెప్పుకోవచ్చు.

ఇక మిగిలింది ధనంజయ. పరంధామయ్య అతన్ని పిలిచి భుజం మీద చెయ్యేశాడు.

“కొండకు నడిచి పోవాలని మొక్కుకోనుండావు గదప్పా. నవమి రోజు పోయి రా. ఈడ నేను సూసుకుంటా.”

“పూజ రోజు నేను లేకుంటే ఎట్లన్నా?” అన్నాడు ధనంజయ.

“దేవుడి కంటే మిషన్లు ఎక్కువా?” అన్నాడు పరంధామయ్య. ధనంజయ కొండ ప్రయాణానికి మూట కట్టుకున్నాడు.

నవమి వచ్చింది. ఆ ఫ్యాక్టరీలో ఒక ఆచారం ఉంది. ఎవరి చేతి పనిముట్టు వాళ్లు పూజ పీట మీద పెట్టాలి. ఫిట్టరు స్పానరు, గుమాస్తా పెన్ను, డ్రైవరు లారీ తాళం. పరంధామయ్య మద్రాసు నుంచి తెప్పించిన కొత్త కొలత పరికరాన్ని, నీలం మఖమలు పెట్టె తెరిచి, అన్నిటికీ ముందు పెట్టాడు.

అధికారి జయరావు వచ్చి, బొరుగులూ శనగలూ అందుకుని, పీట దగ్గర నిలబడ్డాడు. ఏది ఎవరిదని అడిగాడు. కంపెనీ పుట్టినప్పటి నుంచి ఊడ్చి, కడిగి, ఏటా పూజ సర్దే అక్కమ్మ ఒక్కొక్కటే చెప్పుకొచ్చింది. నూనె మరకల కొలబద్ద దగ్గర, అది ధనంజయదని చెప్పి దణ్ణం పెట్టింది. మఖమలు పెట్టె దగ్గర ఆగిపోయింది.

“అది నాది,” అన్నాడు పరంధామయ్య. “ఇరవై ఏండ్లుగా నా చేతిలోనే ఉండాది.”

“ఇది కొత్తది గదా సామీ,” అంది అక్కమ్మ, చాలా అమాయకంగా. “మీది నేను మరిసిపోతానా? ఇదో, పూలకింద ఉండాది.”

దండ పక్కకు జరిపింది. బంట్రోతును పిలవడానికి బల్ల మీద పెట్టుకుని అరచేత్తో కొట్టే ఇత్తడి గంట బయటపడింది. తొమ్మిదేళ్ల పసుపు దాని సందుల్లో గట్టిపడి ఉంది.

“ఏటా సామిది ఇదే పెడతా. సామి సేత్తో ఇంకోటి పట్టుకోంగా నేను సూడనే లేదు.”

ఫిట్టర్లు పైకప్పు రేకులు లెక్కపెట్టసాగారు. సన్మానం పోయింది, పరువు పోయింది, ఇక ఊళ్లో తల ఎత్తుకునేదెలా అనుకున్నాడు పరంధామయ్య.

జయరావు వంగి గంటను చూశాడు. చూసినకొద్దీ అతని ముఖం వికసించింది. పూజలో ఉన్నదాన్ని ముట్టకూడదన్న సంగతి కూడా మరిచి, అరచేత్తో ఒక్కటి కొట్టాడు. ఖంగుమంది.

“పరంధామయ్యగారూ,” అన్నాడు ఆప్యాయంగా. “ఇరవై రెండేళ్ల సర్వీసులో మా ఆఫీసు పూజకు నేను పెట్టేదీ ఇదేనండీ. మన కష్టం వీళ్లకేం తెలుస్తుంది!”

నివేదిక అక్కడికక్కడే తయారైంది. సన్మానం పరంధామయ్యకే. మర్నాడు కొండ దిగి వచ్చిన ధనంజయను పిలిచి, అతను తెచ్చిన లడ్డు చప్పరిస్తూ, పరంధామయ్య చివరి పేరా చదివి వినిపించాడు. “ధనంజయ అను భాగస్వామి తనిఖీ రోజున విధులకు హాజరు కాలేదు. పని పట్ల శ్రద్ధ అధ్యక్షులవారిని చూసి నేర్చుకొనవలెను.”