అరలీటరు తేజాబు

నరసరావుపేటలో ప్రమాదకర రసాయనాల అనుమతుల విభాగం వెలిసిన మూడేళ్లకు మొట్టమొదటి దరఖాస్తు అందినట్టు తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. అది అందిన రోజున ఏం చేయాలో ఎవరికీ తోచలేదు. కాసేపటికి తేరుకుని, రిజిస్టరు దుమ్ము దులిపి, ఒకటో నంబరు వేశారు.

దరఖాస్తుదారు షేక్ మౌలాలీ. కంసాలి బజారులో పాత బంగారం శుద్ధి చేస్తాడు. బంగారంలో కలిసిన రాగినీ వెండినీ విడగొట్టాలంటే తేజాబు, అంటే నత్రికామ్లం, కావాలి. బజారులో మిగతా అందరూ దాన్ని బిల్లు లేకుండా తెచ్చుకుంటారు. మౌలాలీ కాగితం పెట్టి అరలీటరు అడిగాడు. అంతకు మించి అతని మీద ఏ ఫిర్యాదూ లేదు.

అడిగింది రోశమ్మ పని కోసం. ఆవిడ ముప్ఫై ఏళ్లుగా కంసాలి కొట్ల ముందు దుమ్ము ఊడ్చి, కాలవ మట్టి కడిగి, దొరికిన బంగారు రజను అమ్ముకుని బతుకుతోంది. చెవులకు మాత్రం వేపపుల్లలే. ఈమధ్య నాలుగేళ్ల రజను అమ్మకుండా దాచి, శనగగింజంత ముద్ద చేయించి మౌలాలీ చేతిలో పెట్టింది.

“ఒరేయ్ మౌలాలీ, దీన్ని శుభ్రం చేసియ్యి, కమ్మలు చేయించుకుంటా. కాటిక్కూడా ఈ పుల్లల్తోనే పొమ్మంటావా ఏంది?”

“కాగితం రానీ అత్తా, వారంలో ఇస్తా.”

విభాగాధికారి ఆనంద్ బాబు గారు చానా నిదానస్తులు. దరఖాస్తుదారు ఇంతవరకు ఎవరి మీదా యాసిడ్ పోయలేదని ధ్రువపత్రం తెమ్మన్నారు. పోసినవాళ్లకైతే కాగితం ఇస్తాం గానీ పోయనివాళ్లకు ఇచ్చే అలవాటు లేదని పోలీసు స్టేషనులో చెప్పి, అనుమానంగా ఉందని పేరు రాసుకున్నారు. తరువాత ఆనంద్ బాబు గారు, శుద్ధి చేయబోయేది బంగారమేనని రుజువు కావాలన్నారు. ముద్దను తీసుకుని, సీలు వేసి, బీరువాలో పెట్టారు. పరీక్ష చేయడానికి తేజాబు కావాలి. అనుమతి లేనందువల్ల విభాగం దగ్గర తేజాబు లేదు.

చివరగా ఇరుగుపొరుగు అభిప్రాయ సేకరణ. మౌలాలీ వీధిలోనే ఉండే రమాదేవి గారి నాయకత్వంలో నలభై రెండు ఇళ్లవాళ్లు కల్యాణ మండపంలో సమావేశమయ్యారు.

“ఒక్క చుక్క యాసిడ్ కూడా ఈ వీధిలో అడుగుపెట్టకూడదు!” అని రమాదేవి గారు గర్జించారు. “మన పిల్లల భవిష్యత్తు...”

సరిగ్గా అప్పుడే వీధిలోకి సైకిలు వచ్చింది. “ఫినాయిలూ! బాత్రూం యాసిడూ!” సమావేశం పది నిమిషాలు వాయిదా పడింది. విభాగం జాబితాలో తేజాబుది నాలుగో స్థానమైతే బాత్రూం యాసిడ్‌ది మూడో స్థానం. అందరూ తలా ఒక సీసాతో తిరిగి వచ్చారు. అధికారి గారు రెండు కొన్నారు, ఒకటి ఆఫీసుకు. సీసాలు కుర్చీల కింద పెట్టుకుని, దరఖాస్తు తిరస్కరిస్తూ తీర్మానం మీద సంతకాలు చేశారు.

రోశమ్మ లేచి నిలబడింది. “అయ్యా, నా ముద్ద?”

“తిరస్కరించిన దరఖాస్తుల జతపత్రాలు వాపసు ఇవ్వబడవు.”

“పత్రమేందయ్యా! అది నా నాలుగేళ్ల మట్టి!” అని ఆవిడ అరిచిన మాట మినిట్సులో ఎక్కలేదు. అది చూస్తే నాకు ఒళ్లు మండింది. అయినా నలభై రెండో సంతకం నాదే గనుక మాట్లాడలేకపోయాను.

మరునాడు రోశమ్మ పాత పుల్లలు తీసేసి కొత్త వేపపుల్లలు పెట్టుకుంది. మౌలాలీ పై అధికారులకు అప్పీలు చేసుకున్నాడు. ఈసారి విచారణ పట్టణమంతా జరుగుతుంది, సంతకాలకు మీ ఇంటికీ వస్తారు. పెన్ను వెతుక్కునే ముందు ఒకసారి మీ బాత్రూంలోకి వెళ్లి, ఆ మూలనున్న సీసా మూత బిగించి రండి.