ఏడు బల్లలు దాటిన రక్తం

మనిషి బతుకుతాడా లేదా అన్నది ఆ మనిషిని చూసి చెప్పడం అనాగరికమని ఆ ఆసుపత్రి ఏనాడో తేల్చేసింది. మనిషిని నమ్మడానికి లేదు. రాత్రంతా మూలిగినవాడు తెల్లారేసరికి లేచి కూర్చుంటాడు, కబుర్లు చెబుతున్నవాడు ఉన్నట్టుండి పోతాడు. రక్తానికి అలాంటి నిలకడలేని బుద్ధులు లేవు. అందులో ఆమ్లం పాలెంతో, క్షారం పాలెంతో మిషను చీటీ కొట్టి ఇస్తుంది. ఆ చీటీని బట్టి ఐసీయూలో ఉన్నవాళ్ళ భవిష్యత్తును బంధువులకు తెలియజేయడానికి ఒక కిటికీనీ, కిటికీ వెనక ఒక అంచనాల అధికారినీ ఏర్పాటు చేశారు. (అంతకుముందు ఆయన పార్కింగు చూసేవాడు. ఎవరు ఎంతసేపు ఉంటారో చెప్పడంలో అనుభవజ్ఞుడని ఇటు మార్చారు.)

టైలరమ్మ ఆ కిటికీ ముందుకు వచ్చింది మూడో రోజు పొద్దున. ఆమె భర్త బస్సు డ్రైవరు. ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరి, ఆయాసంతో వచ్చి ఐదో నంబరు మంచం ఎక్కాడు. పూటకి ఐదు నిమిషాలు లోపలికి పంపుతారు. ఆ పూట ఆమె వెళ్ళేసరికి మొగుడు దిండుకి ఆనుకుని కూర్చుని, ముక్కు దగ్గర ఆక్సిజన్ గొట్టం సర్దుకుంటూ, "నీళ్ళ మోటారు కట్టేసొచ్చావా?" అన్నాడు. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో ఆ ప్రశ్న విని ఆమెకు సంతోషం కలగడం అదే మొదటిసారి.

ఆ సంతోషంతోనే కిటికీ దగ్గరికొచ్చి, "అయ్యా, మా ఆయనకి తగ్గుముఖం పట్టిందండీ," అంది.

"అది మీరు అనకూడదమ్మా," అన్నాడు అధికారి మెత్తగా. "పీహెచ్ ఏడు పాయింట్ మూడు ఐదుకి తగ్గకూడదు. మీవారికి మొన్న సాయంత్రం ఏడు పాయింట్ మూడు, నిన్న సాయంత్రానికి ఏడు పాయింట్ రెండు. లాక్టేటని ఇంకోటుంది, అది రెండు దాటకూడదు. మూడు నుంచి ఐదుకి పోయింది. మనిషి దిగజారిపోతున్నాడు."

"మనిషి లేచి కూర్చున్నాడండీ."

"కూర్చునే దిగజారుతున్నాడు."

వరసగా మూడు చీటీలు దిగితే రోగిని 'ప్రశాంతి గది'కి మార్చాలని నిబంధన. ఆ గదిలో ఆక్సిజన్ ఉండదు, సెలైన్ ఉండదు, ఇంజెక్షన్ల బాధ అసలే ఉండదు. పరదా ఉంటుంది, గోడ మీద సూర్యాస్తమయం బొమ్మ ఉంటుంది. మూడో చీటీ సాయంత్రం నాలుగింటికి వస్తుంది, అది వచ్చిన ఐదు నిమిషాల్లో మంచం కదులుతుంది. (ఆ మంచాల చక్రాలకు రోజూ నూనె వేస్తారు. ఆ ఆసుపత్రిలో ఆలస్యమన్నది ఎరగని విభాగం అదొక్కటే.)

టైలరమ్మ కిటికీ ఎదురుగా ఉన్న బెంచీ మీద కూలబడింది, మధ్యాహ్నం దాకా లేవలేదు. ఒంటిగంటకు ఒక ట్రేలో ఒక సిరంజీ బయటికొచ్చింది. దాని మీద ఐదో నంబరని రాసి ఉంది. మొదటి బల్ల దగ్గర ఆ ఐదు ఐదేనని ధ్రువీకరించి ముద్ర వేశారు. రెండో బల్ల దగ్గర రిజిస్టరులోకి ఎక్కించారు. మూడో బల్ల దగ్గర ఆ రిజిస్టరును చూసి ఇంకో రిజిస్టరులో రాశారు. నాలుగో బల్ల ఆయన భోజనానికి వెళ్ళాడు గనక రక్తం ఆయన కోసం ఎండ పడే కిటికీ పక్కన కూర్చుంది. ఇంకా మూడు బల్లలున్నాయి. మొదటి చీటీకి ఒక బల్ల చాలు, రెండోదానికి మూడు కావాలి, మూడోదానికి ఏడూ దాటాలి. పరిస్థితి విషమించే కొద్దీ శ్రద్ధ పెరగాలన్నది యాజమాన్యం వారి ఉద్దేశం.

మూడున్నరయింది. అటుగా వచ్చిన నర్సును ఆపి, "తల్లీ, ఆ రక్తం అలా ఎండలో ఉండొచ్చా?" అని అడిగింది టైలరమ్మ.

నర్సు చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "ఉండకూడదక్కా. బయటికి తీసినా అందులో కణాలు బతికే ఉంటాయి. ఉన్న చక్కెర తింటూ ఆమ్లం వదులుతుంటాయి. పాలు బయట పెడితే పులిసిపోవూ, అలాగన్నమాట. పావుగంటలో మిషన్లో పెట్టాలి."

"అంటే దిగజారేది మా ఆయన కాదు, ఆ సిరంజీ."

"మీ ఆయన బానే ఉన్నాడు. పొద్దుట్నించీ నన్ను కూడా మోటారు సంగతే అడుగుతున్నాడు."

"మరి పైవాళ్ళకి చెప్పలేదా?"

"చెప్పాను. కాగితం మీద రాసిమ్మన్నారు. రాసిచ్చాను. పోయినేడాది నుంచి అది రెండో బల్ల మీదే ఉంది."

మిషను ఎక్కడుందంటే, ఐదో నంబరు మంచానికి గోడ అవతల, పన్నెండడుగుల దూరంలో ఉంది.

టైలరమ్మ మళ్ళీ కిటికీ దగ్గరికి వెళ్ళింది. "కొలత తేడా వస్తే మేం మళ్ళీ టేపు పెట్టి చూస్తామండీ. మనిషిని కత్తిరించం," అంది.

"మీది చిన్న వృత్తి కదమ్మా," అన్నాడు అధికారి జాలిగా.

ఇక ఆయనతో లాభం లేదని ఆమె నర్సు చెయ్యి పట్టుకుంది. నర్సు ఒక్క క్షణం ఉద్యోగం గురించి ఆలోచించింది, తర్వాత లోపలికెళ్ళి డ్రైవరు మణికట్టు దగ్గర కొత్తగా రక్తం తీసి, పన్నెండడుగులూ నడిచి మిషన్లో పెట్టింది. రెండు నిమిషాల్లో చీటీ వచ్చింది. పీహెచ్ ఏడు పాయింట్ మూడు తొమ్మిది, లాక్టేట్ ఒకటి పాయింట్ రెండు.

అధికారి ఆ చీటీని వేలి కొసలతో పట్టుకుని చూశాడు. "ముద్రలేవి? ఒక్క బల్ల మీద కూడా ఆగని రక్తాన్ని నేనెలా నమ్మనమ్మా?"

గోడ గడియారం నాలుగుకు పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. ఏడవడానికి కూడా వ్యవధి లేదు. "ఏడు ముద్రలుండాలని రాశారు సరే," అంది టైలరమ్మ. "మిషన్లో పెట్టకముందే వేయాలని రాశారా? చొక్కా కుట్టేశాక కూడా గుండీలు కుట్టుకోవచ్చు కదండీ."

అధికారి నిబంధనల పుస్తకం తీశాడు. ఒకసారి చదివాడు. వేలు పెట్టి ఇంకోసారి చదివాడు. ఆ సంగతి ఎక్కడా రాసి లేదు. ఆయన మొహంలో, ధర్మసందేహం తీరినవాడి తేట కనిపించింది. "అయితే వేయించుకు రండి," అన్నాడు.

ఆమె ఆ చీటీనీ, ఖాళీ అయిన సిరంజీనీ పట్టుకుని బల్ల తర్వాత బల్ల దగ్గరికి పరుగు తీసింది. అది ఖాళీగా ఎందుకుందని ఎవరూ అడగలేదు. (ఆ ప్రశ్నకు ఫారంలో గడి లేదు.) నాలుగో బల్ల ఆయన పుణ్యం కట్టుకుని భోజనం నుంచి తిరిగొచ్చాడు. ఏడో ముద్ర పడేసరికి, నూనె వేసిన చక్రాల మంచం చీటీ కోసం కూడా ఆగకుండా ఐదో నంబరు దగ్గరికి రానే వచ్చింది. దాన్ని తోసుకొచ్చిన ఇద్దరినీ డ్రైవరు ఎగాదిగా చూసి, "ఏ రూటు ఇది? నేనెక్కను," అన్నాడు. ఇంతలో ముద్రల చీటీ అందింది. రోజుకి ఒక్క చీటీయే చెల్లుతుంది గనక ఎండలో కూర్చున్న సిరంజీని చెత్తబుట్టలో వేసి, వచ్చినవాళ్ళు ఖాళీ మంచం తోసుకుంటూ వెనక్కి వెళ్ళారు.

ఎనిమిదో రోజున డ్రైవరు తన కాళ్ళ మీద తను నడుచుకుంటూ గేటు దాకా వెళ్ళాడు. టైలరమ్మను మాత్రం అధికారి కిటికీ దగ్గరికి పిలిపించాడు. మనిషి బాగా నలిగిపోయి ఉన్నాడు.

"మీ మీద నాకు కోపం లేదమ్మా," అన్నాడు. "ఈ విభాగం పెట్టినప్పటి నుంచి, వరసగా రెండు చీటీలు దిగినవాళ్ళు అరవై ఒక్కమంది. అందులో అరవైమంది మా అంచనా నిలబెట్టారు. మీవారొక్కరే ఇలా చేశారు. నూటికి నూరు ఉండేది, పోయింది. విచారణ వేశారు." అంటూ ఒక ఫారం ముందుకు జరిపాడు. రోగి అంచనా తప్పినందుకు బంధువుల సంజాయిషీ అని దాని పేరు.

కారణం అన్న గడిలో ఆమె, 'సమయానికి చూశారు' అని రాసి సంతకం పెట్టింది. కలం తిరిగిచ్చింది గానీ కిటికీ వదల్లేదు.

"మిగతా అరవైమంది రక్తం ఎలా వెళ్ళిందండీ?" అని అడిగింది.

అధికారి నొచ్చుకున్నాడు. "అదేం మాటమ్మా. అన్నీ ఏడు బల్లల మీదుగానే వెళ్ళాయి. ఒక్కదాన్ని కూడా మేం తొందరపెట్టలేదు."