సున్నా శాతం ముక్కులు

మన ప్రభుత్వ ఆసుపత్రిలో ఒకసారి కోసి తీసేసిన కండ ఇకపై ఏ ముక్కులోకీ తిరిగి రాదని ఆరోగ్యశాఖ మంత్రిగారు సోమవారం ప్రకటించారు. ముక్కు లోపల ద్రాక్షగుత్తిలా పెరిగి గాలికీ వాసనకూ అడ్డంపడే పాలిప్స్‌కు ఇంత స్పష్టమైన ఆదేశం ఇదివరకు ఎవరూ ఇచ్చి ఉండరు. ఆ ఆసుపత్రి ముక్కు విభాగంలోనే రికార్డుల గుమాస్తానైనందుకు నా జన్మ ధన్యమైంది.

నిరుడు సైనస్ ఆపరేషన్ చేయించుకున్న నూటపది మందినీ పిలిపించి పరీక్షించమన్నారు సూపరింటెండెంట్ గారు. శుక్రవారం పత్రికలవాళ్ల ముందు మంత్రిగారు ఫలితం చదవాలి. ఫలితం టైపయిపోయింది. పరీక్షలే మిగిలాయి.

మొదట పాలకేంద్రం ఆవిడ వచ్చింది. క్యాను మూత తీసి ఒక్కసారి పీల్చి, పాలు చెడ్డాయో లేదో చెప్పడం పద్నాలుగేళ్లుగా ఆవిడ ఉద్యోగం.

"ఎలా ఉందమ్మా?" అంది చిన్న డాక్టరమ్మ.

"ఆర్నెల్లు హాయిగా ఉన్నానమ్మా. ఇప్పుడు మళ్లీ రెండువైపులా దిబ్బడేసింది. నోటితోనే ఊపిరి. వాసనంటారా, మొన్న మా పొయ్యి మీద అన్నం మాడుతుంటే పక్కింటావిడ వచ్చి తలుపు బాదింది."

డాక్టరమ్మ సన్నటి గొట్టం ముక్కులోకి పంపి తెర మీద చూసింది. "కండలు మళ్లీ వచ్చాయి. మందులు మొదలుపెడదాం, భయపడకండి. అందాకా మీకు వేరే పని ఇమ్మని రాసిస్తాను."

వెనకాలే ఉన్న సూపరింటెండెంట్ గారు దగ్గారు. "మళ్లీ అంటే?"

"తిరిగి పెరిగాయి సార్. రికరెన్స్."

"పాతవి నువ్వే కదా తీసి ల్యాబుకి పంపావు?"

"అవును సార్."

"అక్కణ్ణుంచి తప్పించుకొచ్చాయా?"

"లేదు సార్..."

"మరి తిరిగి రావడమేమిటి? ఇవి వేరే. ఏమయ్యా, ఆవిడకి కొత్త ఫైలు తెరువు."

ఇరవై రెండేళ్ల సర్వీసులో ఇంతటి వైద్యవిజ్ఞానం నా చెవిన పడలేదు. సాయంత్రానికల్లా ముప్పై ఎనిమిది పాత ముక్కులు కొత్త ముక్కులయ్యాయి.

ఇక బాధల ఫారం. దిబ్బడ, తలనొప్పి, నిద్ర, వాసన, ఒక్కోదానికీ సున్నా నుంచి అయిదు దాకా మార్కులు వేయాలి. జనం ఏమాత్రం మొహమాటం లేకుండా నాలుగులూ అయిదులూ వేస్తున్నారు. "అన్ని అంకెలు చూపిస్తే ఆశపడరూ?" అని సూపరింటెండెంట్ గారు సున్నా ఒక్కటే ఉన్న ఫారం అచ్చు వేయించారు. అందులో ఏ అంకెకైనా టిక్కు పెట్టుకునే స్వేచ్ఛ రోగులదే.

డాక్టరమ్మ అభ్యంతరం చెప్పింది. ఆవిణ్ణి మోకాళ్ల విభాగానికి బదిలీ చేశారు.

బుధవారం పాలకేంద్రం ఆవిడ నా బల్ల దగ్గరికొచ్చింది. "వేరే పనికి డాక్టరమ్మ రాసిస్తానన్న ఆ కాగితమేదో ఇప్పించు బాబూ. వాసన తెలీకుండా పాలు పాస్ చేస్తున్నా. చంటిపిల్లలు తాగేవి. ముద్ద దిగట్లేదు."

నా దగ్గర ఉన్నది ఒకటే కాగితం, మంత్రిగారి సంతకంతో: 'ఘ్రాణశక్తి సంపూర్ణం.' తల ఎత్తకుండా స్టాంపు కొట్టి ఇచ్చాను.

ఆ సంతకం చూసి పాలకేంద్రం మేనేజరు లేచి నిలబడ్డాడట. "నాకు వాసన తెలీదు సార్" అని ఆవిడ మొత్తుకుంటే, "మంత్రిగారికంటే నీకెక్కువ తెలుసా?" అని ఆవిణ్ణి చీఫ్ ఇన్‌స్పెక్టర్ని చేసి, మిగతావాళ్లచేత వాసన చూడటం మాన్పించాడట.

శుక్రవారం హాలు కిటకిటలాడింది. "రికరెన్స్, సున్నా శాతం!" అని మంత్రిగారు చదివారు. చప్పట్లు మోగాయి. నయమైన ముక్కు స్వయంగా పాస్ చేసిన పాలంటూ మేనేజరు క్యాను తెప్పించి, వేదిక మీద మూత తీయించి గ్లాసుల్లో పోయించాడు. ముందు వరుసలో విలేఖరులు రాయడం ఆపారు. వెనక వరుసలో జేబురుమాళ్లు బయటికొచ్చాయి.

ఆ మొహాలు చూసి, వేదిక మీద ఓ పక్కన కూర్చోబెట్టిన పాలకేంద్రం ఆవిడ గబుక్కున లేచింది. "అయ్యా, తాగకండి! పాస్ చేసింది నేనే. నాకేమీ తెలీదు!"

"చూశారా, ఎంత వినయమో!" అన్నారు మంత్రిగారు. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, కెమెరాల కోసం గుండెల నిండా పీల్చారు. "ఆహా! ఏం కమ్మదనం!" గ్లాసు ఖాళీ చేసి, ఇంకోటి పోయమన్నారు.

సూపరింటెండెంట్ గారి ముక్కుకు ఏ జబ్బూ లేదు. ఆయన మంత్రిగారి వైపు ఒకసారి, తన గ్లాసు వైపు ఒకసారి చూశారు. కళ్లు మూసుకుని గటగటా తాగేశారు.