మైకులో పరాయి గొంతు

పెద్దాయన భార్య బతికున్నన్నాళ్ళూ మెచ్చుకున్నది ఒక్క గొంతునే. అది మొగుడిది కాదు, పక్కింటి మైకాయనది. ఈ విషయంలో పెద్దాయనకు అనుమానం లేదు. ఎవరితోనూ వాదించే ఉద్దేశం కూడా లేదు.

మైకాయన ముప్ఫై ఏళ్ళు బస్టాండులో అనౌన్సరుగా పనిచేశాడు. బస్సు రెండు గంటలు ఆలస్యమని చెప్పినా జనం కోప్పడకుండా వినేవాళ్ళట. ఆ ముప్ఫై ఏళ్ళూ పెద్దాయన కోతమిల్లులో రంపం పక్కన నిలబడ్డాడు. అక్కడ అరిస్తే తప్ప మాట అవతలికి చేరదు. అరిచినా ఎవరి గొంతు వాళ్ళకు వినపడదు. వీధివాళ్ళు ఆయన్ని వెనకాల రంపం అంటారు. ఎదురుగా ఎవరూ ఏమీ అనరు.

చివరి రెండేళ్ళు ఆయన భార్యకు చూపు పోయింది. అంధుల గ్రంథాలయం వాళ్ళు పుస్తకాలు చదివించి, రికార్డు చేసి పంపేవాళ్ళు. చదివేది మైకాయనే. రోజుకు మూడు గంటలు తన ఇంట్లో తన భార్యతో పరాయి మగాడు మాట్లాడుతుంటే పెద్దాయన వసారాలో కూర్చుని విన్నాడు. "గొంతంటే అలా ఉండాలి" అని ఆమె ఒకసారి అంది. ఒక్కసారే. ఆయనకు అది చాలింది.

ఒక పెద్ద నవల సగంలో ఉండగా ఆమె పోయింది. పన్నెండో అధ్యాయం చివర ఎవరో తలుపు తడతారు, కథలో అమ్మాయి తీయడానికి లేస్తుంది. అక్కడికి రికార్డు కూడా అయిపోయింది. మిగతా సగం తాను చదవలేనని మైకాయన చెప్పాడనీ, కొత్త గొంతు కావాలనీ గ్రంథాలయం నుంచి సభ్యుల ఇళ్ళకు ఉత్తరం వచ్చింది. చదవలేననడం ఉత్తమాట, బతిమాలించుకోవడానికి అంటున్నాడని పెద్దాయన తేల్చేశాడు. నేను చదువుతానని ఆ రోజే జవాబు రాశాడు. పల్లె బడిలో ఐదో తరగతి దాకా నిలబడి పాఠం గొంతెత్తి చదివినవాడు. తప్పు చదివితే అక్కడ బెత్తం. ఆయన తప్పు చదవలేదు. ఆ తలుపు తీసేది తన గొంతే కావాలి. మైకాయనది మాత్రం కాకూడదు.

గ్రంథాలయం వాళ్ళు పెట్టిన గొంతు పరీక్ష పదకొండు గంటలకు, కంప్యూటరులో. తొమ్మిదింటికే పెద్దాయన పని మొదలుపెట్టాడు. ఫ్యాను ఆపాడు. గోడగడియారం దించి దుప్పటిలో చుట్టి బీరువాలో పెట్టాడు. కిటికీకి పరుపు అడ్డం పెడుతుండగా కోడలు కంప్యూటరు తెచ్చి అత్తగారి కుట్టుమిషను మీద పెట్టింది. ఆ గదిలో ఖాళీ బల్ల అదొక్కటే.

"మామయ్యగారూ, ముందు మైకు పనిచేస్తోందో లేదో చూసుకోండి. ఇదుగో, టెస్టు నొక్కాను. మీరు మాట్లాడి ఆగారంటే, మీరన్నదే మళ్ళీ మీకు వినిపిస్తుంది. అదంతా ఇందులో దాచి ఉంటుంది కూడా. వింటున్నారా?"

"పరుపు జారుతోంది, ఆ చివర పట్టుకో."

"విన్నారా లేదా?"

"అంతా విన్నానమ్మా. ఇక నువ్వెళ్ళు. నువ్వు ఊపిరి పీల్చినా అందులో పడుతుంది."

ఆయన విన్నది "మాట్లాడి ఆగారంటే" దాకానే. కోడలు బట్టలు ఆరేయడానికి డాబా మీదికి వెళ్ళింది. పెద్దాయన తలుపు వేసుకుని, కుట్టుమిషను ముందు కూర్చుని, గొంతు సవరించుకున్నాడు.

"హలో" అని ఆగాడు.

"హలో" అంది కంప్యూటరు.

నిండైన గొంతు. అడుగున కాస్త గరుకు, పైన తొందర లేని నిదానం. పెద్దాయనకు ఒళ్ళు మండిపోయింది. అలాంటి గొంతు ఈ వీధిలో ఒక్కడికే ఉంది.

"ఎవరది?"

"ఎవరది?"

"ముందడిగింది నేను."

"ముందడిగింది నేను."

"ఏం, వెక్కిరిస్తున్నావా? పళ్ళు రాలగొడతాను!"

"ఏం, వెక్కిరిస్తున్నావా? పళ్ళు రాలగొడతాను!"

తన బెదిరింపు కూడా వాడి నోట్లో బాగానే ఉంది. పెద్దాయన ఇక మాటలు కట్టిపెట్టి పుస్తకం తెరిచాడు. తేల్చుకోవలసింది చదువులోనే. పదమూడో అధ్యాయం మొదటి వాక్యం చదివి ఆగాడు. అవతలివాడూ అదే వాక్యం చదివి ఆగాడు. ఈయన భావం పెంచాడు. వాడూ పెంచాడు. ఈయన ఒక మాట దగ్గర బరువుగా ఆగితే వాడూ అక్కడే, అంతే బరువుగా ఆగాడు. దొంగ వెధవ, చూసి రాస్తున్నట్టు చదువుతున్నాడు. కోపం కాళ్ళలోకి దిగి పెద్దాయన తెలియకుండానే కుట్టుమిషను తొక్కుతున్నాడు. నాలుగు పేజీలయ్యాయి. అసలు బాధేమిటంటే, వాడు బాగా చదువుతున్నాడు. ఆమె వింటే ఏమనేదో పెద్దాయనకు తెలుసు.

పుస్తకం మూసి, చెప్పులు కూడా వేసుకోకుండా పక్కింటికి వెళ్ళాడు.

మైకాయన పడక్కుర్చీలో ఉన్నాడు. బుగ్గలు రెండూ ఉబ్బి ఉన్నాయి. పెదాల మధ్య నుంచి దూది కనిపిస్తోంది.

"రండి అన్నయ్యగారూ" అంది ఆయన భార్య. "మాట్లాడాలంటే మాత్రం మీరొక్కరే మాట్లాడాలి. నిన్న కింది పళ్ళన్నీ పీకేశారు. నోరు తెరవొద్దన్నాడు డాక్టరు. పెళ్ళయిన నలభై ఏళ్ళకు ఇల్లు ఇంత ప్రశాంతంగా ఉండటం ఇదే."

తన తిట్టు ఇంత తొందరగా తగలడం పెద్దాయన ఎప్పుడూ చూడలేదు. అయినా తగ్గలేదు.

"నటన" అన్నాడు.

"నోట్లో దూది కుక్కుకుని ఎవరైనా నటిస్తారా అండీ?"

"ముప్ఫై ఏళ్ళు రాని బస్సును వస్తోందని నమ్మించినవాడమ్మా. దూది ఒక లెక్కా?"

మైకాయన చేత్తో ఆగమని సైగ చేసి, గోడ మీది క్యాలెండరు అందుకుని, కాగితం వెనక ఏదో గీకి చూపించాడు. పెద్దాయన చదివాడు. "పొద్దుట్నుంచి మీ ఇంట్లో చదువుతున్నది ఎవరు? గోడ ఇవతలికి వినిపిస్తోంది. నిజం చెప్పొద్దూ, నాకు కుళ్ళుగా ఉంది."

"నీకు తెలీనట్టు!" అని పెద్దాయన ఆ కాగితాన్ని సాక్ష్యం కోసం చించి జేబులో పెట్టుకున్నాడు. ఆ నెల ఇంకా సగం మిగిలే ఉంది.

తిరిగి వచ్చేసరికి పదకొండు కావస్తోంది. కోడలు కంప్యూటరులో గ్రంథాలయం ఆవిడను కలిపింది. కళ్ళద్దాలు పెట్టుకున్న ముఖం తెర మీద కనిపించింది.

"నమస్కారమండీ. మొదలుపెడదామా?"

"పెడదాం. ముందు ఒక సంగతి తేలాలి. అమ్మాయ్, పొద్దున ఇందులో పడ్డ మాటలు ఈవిడకు వినిపించు."

మామగారు తన చదువు ముందుగా రుచి చూపించాలనుకుంటున్నాడని కోడలు అనుకుంది. దాచి ఉన్న రికార్డు నొక్కి, పొయ్యి మీద పాలున్నాయని వంటింట్లోకి పరుగెత్తింది. ఎవరది అన్న గొడవంతా రికార్డు మొదట్లోనే అయిపోయింది, ఆమె నొక్కింది మధ్యలో కాబట్టి చదువు మాత్రమే వినిపించింది. గ్రంథాలయం ఆవిడ కళ్ళు మూసుకుని విన్నది.

"అబ్బ, చాలా బాగుందండీ. మాకు ఇలాంటి గొంతే కావాలి. ఎవరీయన?"

"ఎవడైతే ఏం? నేను అభ్యంతరం చెబుతున్నాను. రాసుకోండి."

ఆ గ్రంథాలయంలో ఒక నియమం ఉంది. సభ్యుల ఇళ్ళలో ఏ ఒక్కరు కారణం చూపి కాదన్నా, ఆ గొంతును ఆ పుస్తకానికి వాడరు. ఈ నియమం పెద్దాయనకు భార్య పోయిన నెలకు తెలిసింది. ముందే చెప్పనందుకు ఆయన ఇంకా ఎవరినీ క్షమించలేదు.

"కారణాలు చెప్పండి" అంది ఆవిడ నీరసంగా.

"ఒకటి, సాగదీస్తాడు. రెండు, ముక్కుతో చదువుతాడు. మూడు, ఆ గొంతున్నవాడు మంచిమనిషి కాడు."

"మూడోది మరీ..."

"మూడోదే ముఖ్యం. రాయండి."

ఆవిడ రాసింది. "సరేనండీ. సభ్యురాలి భర్త కాబట్టి మీ మాట చెల్లుతుంది. ఈ పుస్తకానికి ఆ గొంతు ఇక లేనట్టే. మీరు చదవండి."

రెండేళ్ళ తర్వాత పెద్దాయనకు గుండె తేలికైంది. పుస్తకం తెరిచాడు. కథలో అమ్మాయి తలుపు తీసింది. పేజీ పూర్తి కాకముందే ఆవిడ కళ్ళద్దాలు తీసేసింది.

"ఒక్క నిమిషమండీ. ఇందాక నేను విన్నది కూడా మీరే కదూ?"

"నేనెందుకవుతాను?"

"ఆ గరుకు అదే. ఆ ఆగడం అదే. కింద కుట్టుమిషను చప్పుడు కూడా అదే."

పెద్దాయన తన కాళ్ళ వంక చూసుకున్నాడు. అవి ఇంకా తొక్కుతున్నాయి. వాటిని ఆపాడు.

"మామయ్యగారి గొంతే మేడమ్" అంది గుమ్మంలోంచి కోడలు. "టెస్టులో ఎవరు మాట్లాడితే వాళ్ళ గొంతేగా వినపడేది. పొద్దున చెప్పాను కదా మామయ్యగారూ?"

బీరువాలో దుప్పటి లోపలి నుంచి గడియారం పదకొండున్నర కొట్టింది.

"నియమం నియమమేనండీ" అంది గ్రంథాలయం ఆవిడ. నవ్వు ఆపుకోవడానికి పెన్ను కొరుకుతోంది. "అభ్యంతరం పుస్తకంలోకి ఎక్కింది. చెప్పినవాళ్ళే వెనక్కి తీసుకోవాలి. ఒక్కో కారణమూ విడిగా, మీ నోటితో, రికార్డులో."

"తీసుకోకపోతే?"

"పక్కింటి ఆయనకు చిగుళ్ళు మానేదాకా ఆగి, ఆయన్నే బతిమాలతాం."

పెద్దాయన కొంచెంసేపు కుట్టుమిషను సూది వంక చూశాడు.

"సాగదీయడు" అన్నాడు.

"రెండోది?"

"ముక్కుతో చదవడు."

"మూడోదండీ?"

"మూడోది ఉండనివ్వండి."

"అది గొంతుకు సంబంధించింది కాదు లెండి, ఉంచుకోండి. రేపటి నుంచి మొదలుపెడదాం" అని ఆవిడ వెళ్ళిపోయింది. కోడలు మళ్ళీ టెస్టు నొక్కింది, ఆయనకు ఒకసారి సరిగ్గా చూపిద్దామని. నొక్కాక మాట్లాడింది మాత్రం ఆమే.

"అత్తయ్యగారు నాతో అనేవారు. మీ మామయ్యది మైకాయన గొంతు కన్నా మంచిదే, తిట్లకే అరగదీశాడని."

ఆ వెంటనే కంప్యూటరు ఆ మాటను కోడలి గొంతుతో మళ్ళీ చెప్పింది. పెద్దాయన రెండుసార్లూ విన్నాడు.

"మరి నాతో ఎందుకు అనలేదు?"

"మీరు వసారాలో అలిగి కూర్చునేవారు కదా. ఎప్పుడనాలి?"

ఆయన జేబులోంచి క్యాలెండరు కాగితం తీసి, ఇంకోసారి చదివి, మడిచి కుట్టుమిషను సొరుగులో దారపు ఉండల మధ్య పెట్టాడు.

"పాపం, మైకాయన అడిగితే చెప్పనా, ఆ చదివింది మీరేనని?"

"చెప్పావో, ఊరుకోను. పొద్దున జరిగినదాని ఊసు ఈ ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తడానికి వీల్లేదు. నేనూ ఎత్తను."

కాస్త ఆగి కంప్యూటరు కూడా అదే చెప్పింది. నిండైన గొంతుతో, నిదానంగా, నేనూ ఎత్తను అని.

ఈసారి పెద్దాయన దానికి ఎదురు చెప్పలేదు.